చదివినవాళ్ళ ఉత్తరం – మూడో పాఠం: ‘బాగుంది’ అన్నాక ఏం రాయాలి?

పోయిన పాఠంలో ఒక పని అప్పగించాను. ఆదివారం అనుబంధంలోంచి ఒక కథ తీసుకుని, చేతిలో పెన్సిల్ పట్టుకుని చదవమన్నాను. చదువుతూ ఆగిన చోటల్లా పక్కన గీత పెట్టండి, అభిప్రాయాలు మాత్రం ఇప్పుడే వద్దు అన్నాను. ఆ కాగితం దగ్గరుంటే తీసి పక్కన పెట్టుకోండి, చివర్లో దానితో పనుంది. ఆ పని చెయ్యనివాళ్ళు కూడా ఈ పాఠం చదవచ్చు. అభ్యాసం దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఒక కథ వెతుక్కోవాల్సి వస్తుంది.

గీతలు పెట్టడం చదవడంలో భాగం. ఆ గీతల్లోంచి, రాసినవాళ్ళకు పనికొచ్చే నాలుగు మాటలు ఎలా తీయాలన్నది ఇవాళ్టి పాఠం. ఆ మాటలు పోస్టుకార్డు మీదైనా ఉండొచ్చు, మెయిల్లోనైనా, కథ చివర ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి చెప్పేవైనా కావచ్చు. ఉత్తరం అన్నప్పుడల్లా ఇవన్నీ కలిపే అంటున్నాను.

మన పుస్తకావిష్కరణ సభలు చూశారుగా. వేదిక మీద అరడజను మంది ఉంటారు. పుస్తకం మొత్తం చదివినవాడు వాళ్ళలో ఒక్కడుంటే ఆ రచయిత అదృష్టవంతుడు. మిగిలినవాళ్ళు ముందుమాట చదివి, దాన్నే తిరగేసి చెప్తారు. అందరూ మెచ్చుకుంటారు, శాలువా కప్పుతారు. మూడో కథలో ముసలమ్మ ఎందుకు తలుపు తియ్యలేదని ఒక్కరూ అడగరు. రచయిత ఆ ముసలమ్మతో ఆరునెలలు వేగి ఉంటాడు.

ఈ పాఠానికి ఉదాహరణ కోసం కథల లోకం వదిలి కాస్త పక్కకు పోతున్నాను. 1913లో మద్రాసుకూ కేంబ్రిడ్జికీ మధ్య నడిచిన కొన్ని ఉత్తరాలు తీసుకుందాం. అవి లెక్కల గురించి రాసుకున్నవి. లెక్కలు రాకపోయినా ఫర్వాలేదు, మనం చూసేది జవాబు రాసిన పద్ధతిని. ఒకరి పనిని చదివి వాళ్ళకు తిరిగి రాయడం ఎలాగో నేర్పడానికి ఇంతకన్నా మంచి నమూనా నాకు దొరకలేదు.

ముందు, మౌనం

1911లో భారతీయ గణిత సంఘం పత్రికలో శ్రీనివాస రామానుజన్ ఒక ప్రశ్న వేశాడు. ఒకటికి, ఒక వర్గమూలానికి రెండు రెట్లు కలపాలి. ఆ వర్గమూలం లోపల, ఒకటికి ఇంకో వర్గమూలానికి మూడు రెట్లు, దాని లోపల నాలుగు రెట్లు, ఇలా అంతులేకుండా పోతుంది. మొత్తానికి మళ్ళీ వర్గమూలం తీస్తే ఎంత? నెలలు గడిచినా పాఠకుల్లో ఒక్కరూ జవాబు పంపలేదు. చివరికి ఆయనే చెప్పాడు: జవాబు 3.

(ఆసక్తి ఉన్నవాళ్ళకు: 3 వర్గం 9, అది 1+2×4. ఆ 4 వర్గం 16, అది 1+3×5. 5 వర్గం 25, అది 1+4×6. ఇలా లోపలికి పోతూనే ఉంటుంది. మిగతావాళ్ళు ఈ కుండలీకరణం దాటేయొచ్చు.)

అలా ఎదురుచూసిన మనిషికి అప్పటికి ఉద్యోగం లేదు, డిగ్రీ లేదు. తన పని చదివేవాళ్ళు కావాలి. రాసినదానికి చప్పుడు లేకపోతే మనిషి రెండు రకాలుగా అనుకుంటాడు: ఎవరూ చదవలేదేమో అని, చదివి పనికిరాదనుకున్నారేమో అని. రెండోదే ఎక్కువమంది నమ్ముతారు. మీరు రాయకుండా ఊరుకున్న ప్రతిసారీ అవతలి మనిషి ఈ రెండింట్లో ఒకటి ఎంచుకుంటున్నాడు. ఇంతకంటే దీన్ని సాగదీయను, ఎందుకు రాయాలన్నది మొదటి పాఠంలోనే మాట్లాడుకున్నాం.

తప్పు పట్టిన ఉత్తరం

1912 మార్చిలో రామానుజన్ మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా చేరాడు, జీతం నెలకు 30 రూపాయలు. మద్రాసు ఇంజనీరింగు కాలేజీలో ఉన్న గ్రిఫిత్ అనే ప్రొఫెసరు ఈయన పనిలో కొంత లండన్ యూనివర్సిటీ కాలేజీ గణితాచార్యుడు హిల్‌కు పంపాడు. డిసెంబరులో జవాబొచ్చింది. సారాంశం ఇది: ఇతనికి గణితం మీద అభిరుచి ఉంది, కొంత శక్తి ఉంది, కానీ తప్పుదారి పట్టాడు. అపసరణ శ్రేణులతో, అంటే కూడుకుంటూ పోతే ఎక్కడా ఆగని శ్రేణులతో, పని చేసేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు ఇతనికి తెలియవు. లేకపోతే 1+2+3+4+… = −1/12 అని రాయడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, హిల్ మాటల్లో మంచివేవో, కొరవడినదేమిటో మీరే కాగితం మీద రాసుకోండి. తర్వాతే కిందకు రండి.

రాశారా? హిల్‌ను దుర్మార్గుణ్ణి చేసి చెప్పే కథలు చాలా ఉన్నాయి, నాకు అవి నచ్చవు. ఆయన చదివాడు. ముక్కూమొహం తెలియని గుమాస్తా కాగితాలు చదివి, జవాబు రాశాడు. ఏ పుస్తకం చదువుకోవాలో చెప్పాడు. పత్రికకు పంపే వ్యాసం ఎలా ఉండాలో చెప్పాడు: స్పష్టంగా ఉండాలి, తప్పులుండకూడదు, వివరించని గుర్తులు వాడకూడదు అని. ఇవన్నీ పనికొచ్చే మాటలే. మనలో చాలామంది ఇంతకూడా చెయ్యం.

కొరవడిందల్లా ఒకటే. తప్పులా కనిపించిన చోట ‘ఇది ఎలా వచ్చింది?’ అని అడగలేదు. ఎక్కడ తప్పనిపించిందో అక్కడే తీర్పు చెప్పేశాడు. ఆ −1/12 వెనక ఒక పద్ధతి ఉంది. మామూలు కూడికగా చూస్తే అది పిచ్చిరాతే, వేరే అర్థంలో అది నిలుస్తుంది. అడిగి ఉంటే ఆ పద్ధతి బయటకొచ్చేది. వింతగా ఉన్న చోట ముందు ప్రశ్న వేయాలి, తీర్పు తర్వాత సంగతి. కథ చదివేటప్పుడూ ఇంతే. ‘ఈ పాత్ర ఇలా చెయ్యదు’ అని రాయబోయేముందు ‘ఈ పాత్ర ఇలా ఎందుకు చేసింది?’ అని రాసి చూడండి. సగంసార్లు జవాబు కథలోనే, మీరు గబగబా దాటేసిన పేరాలో దొరుకుతుంది.

హార్డీ ఏం చేశాడు

1913 జనవరి 16న రామానుజన్ కేంబ్రిడ్జిలో ఉన్న గణిత శాస్త్రవేత్త జి.హెచ్. హార్డీకి రాశాడు. మద్రాసు పోర్టు ట్రస్టులో ఏడాదికి 20 పౌన్ల జీతానికి పనిచేసే గుమాస్తానని పరిచయం చేసుకున్నాడు. వయసు 23 అని రాశాడు గానీ అప్పటికి నిజానికి 25 నిండాయి. దానితో పేజీల కొద్దీ సిద్ధాంతాలు పంపాడు. నిరూపణలు దాదాపు లేవు. హార్డీ, ఆయన సహచరుడు లిటిల్‌వుడ్ కలిసి కూర్చుని చూశారు. కొన్ని సూత్రాలు తనను పూర్తిగా ఓడించాయనీ, అలాంటివి అంతకుముందు ఎన్నడూ చూడలేదనీ, అవి నిజమే అయివుండాలనీ, నిజం కాకపోతే వాటిని కల్పించేంత ఊహాశక్తి ఎవరికీ ఉండదనీ హార్డీ చాలా ఏళ్ళ తర్వాత చెప్పుకున్నాడు.

అంత ఆశ్చర్యపోయిన మనిషి ఫిబ్రవరి 8న రాసిన జవాబు చూడండి. పొగడ్తల వర్షం అందులో లేదు. మీ ఉత్తరం, మీ సిద్ధాంతాలు నాకు ఎంతో ఆసక్తి కలిగించాయి, కానీ మీరు చేసినదాని విలువ సరిగ్గా కట్టాలంటే కొన్నిటికి నిరూపణలు చూడాలి అని మొదలుపెట్టాడు. తర్వాత ధాన్యం చేటలో పోసి చెరిగినట్టు ఆ ఫలితాలను మూడు కుప్పలు చేశాడు. మొదటి కుప్పలో ఇప్పటికే తెలిసినవి, లేదా తెలిసినవాటి నుంచి తేలిగ్గా రాబట్టగలిగినవి. రెండో కుప్పలో కొత్తవి, ఆసక్తికరమైనవి. అయితే ఆ ఆసక్తి ప్రాముఖ్యం వల్ల కంటే వింతదనం వల్ల, కష్టంగా కనిపించడం వల్ల పుట్టింది. మూడో కుప్పలో కొత్తవీ ముఖ్యమైనవీ. కానీ వాటి విషయంలో అంతా నిరూపణ ఎంత పకడ్బందీగా ఉందన్నదాని మీదే ఆధారపడి ఉంది. ఏ కుప్పలోకి ఏవి వస్తాయో ఉదాహరణలతో చూపించాడు.

ఈ ఉత్తరం అందుకున్నవాడి స్థానంలో కూర్చుని చూడండి. తన కాగితాలను ఎవరో పూర్తిగా చదివారన్న సాక్ష్యం మొదటి పేజీలోనే ఉంది, అది పొగడ్తవల్ల రాలేదు. ‘మీరు పంపినవన్నీ అద్భుతం’ అని రాసి ఉంటే అతనికి ఒక పూట సంతోషం దక్కేది. రేపు ఏ పని ముందు చెయ్యాలో మాత్రం తెలిసేది కాదు. ఇప్పుడు తెలిసింది: మొదటి కుప్ప వదిలెయ్యొచ్చు, మూడో కుప్పకు నిరూపణలు రాయాలి.

మొదటి కుప్ప గురించి హార్డీ ఇంకో మాట రాశాడు. ఈ పాఠం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట అది. మీకు సరైన శిక్షణ లేదన్న మాట అక్షరాలా నిజమైతే, ఇంత ఆసక్తికరమైన ఫలితాలను మీ అంతట మీరు మళ్ళీ కనిపెట్టడం మీకు గొప్పే. కానీ ఇలాంటి నిరాశలకు కొంత సిద్ధపడి ఉండండి, అన్నాడు. పాతవే అన్న నిజాన్ని దాచలేదు, దానితో మనిషిని కించపరచలేదు. చేదు చెప్పాల్సి వచ్చినప్పుడు ముందు తేనె, వెనక తేనె పూయమని చెప్పేవాళ్ళున్నారు. చదివేవాళ్ళకు ఆ కిటుకు వెంటనే పట్టుబడుతుంది, మధ్యలో ఉన్న చేదు కోసమే వెతుక్కుంటారు. హార్డీ చేసింది వేరు. చేదు నిజాన్నీ, అందులోనే ఉన్న గొప్పనూ ఒకే వాక్యంలో పెట్టాడు, ఎందుకంటే అక్కడ రెండూ ఒకే సంగతి.

ఇక చివర: మీరు ప్రచురించదగ్గ పని చాలా చేసి ఉండవచ్చు, సంతృప్తికరమైన నిరూపణలు ఇవ్వగలిగితే దాన్ని అచ్చువేయించడానికి నేను చేయగలిగింది సంతోషంగా చేస్తాను అన్నాడు. తొందరగా కొన్ని నిరూపణలు పంపండి, మిగతావి తీరిగ్గా అని కూడా అడిగాడు. అంటే అడిగింది చిన్నది, మనిషి వారంలో చెయ్యగలిగింది. మీ జీవితకాల కృషి అంతా వివరించండి అనలేదు.

జవాబుకు జవాబు

రామానుజన్ ఫిబ్రవరి 27న తిరిగి రాశాడు. నా శ్రమను సానుభూతితో చూసే స్నేహితుడు మీలో దొరికాడన్నాడు. లండన్ ఆచార్యుడి సంగతి తలచుకుంటూ, 1+2+3+4+… = −1/12 అని మీకు చెబితే వెంటనే నాకు పిచ్చాసుపత్రి దారి చూపిస్తారు అని చమత్కరించాడు. తాను అర్ధాకలితో ఉన్న మనిషిననీ, మెదడు నిలుపుకోవాలంటే తిండి కావాలనీ, అదే తన మొదటి ఆలోచన అనీ రాశాడు. నిరూపణలు మాత్రం పంపలేదు.

కేంబ్రిడ్జిలో లిటిల్‌వుడ్‌కు అనుమానం వచ్చింది, తన పని హార్డీ కాజేస్తాడేమోనని ఇతను భయపడుతున్నాడా అని. హార్డీ అది మనసులో దాచుకోలేదు. మార్చి 26న సూటిగా రాశాడు: ఇప్పుడు మీ దగ్గర నావి పెద్ద ఉత్తరాలున్నాయి, అందులో మీరు ఏం నిరూపించారో, ఏం నిరూపించానంటున్నారో నేను స్పష్టంగా రాశాను, మీ ఉత్తరాలు ఇంకా కొందరికి చూపించాను, నేను మీ ఫలితాలను అన్యాయంగా వాడుకుంటే నన్ను బయటపెట్టడం మీకు చాలా సులువు. ఇలా అన్నందుకు ఏమీ అనుకోకండి, మీకు మంచి అవకాశం రావాలన్న కోరిక లేకపోతే ఇది రాసేవాణ్ణి కాదు అని కలిపాడు. రామానుజన్ తనకు అలాంటి భయమేమీ లేదన్నాడు.

మీ ఉత్తరాలు కాజేస్తారన్న భయం పుట్టించేంత పెద్దవి కాకపోవచ్చు. అయినా ఈ మలుపు మీకూ ఎదురవుతుంది. మీరు ఎంతో జాగ్రత్తగా రాసినా అవతలివాళ్ళు ముడుచుకుంటారు, లేదా అడిగినదానికి కాక వేరేదానికి జవాబిస్తారు. అప్పుడు ‘నా ఉద్దేశం అది కాదు’ అని పొడిగా సంజాయిషీ ఇవ్వడం కంటే, వాళ్ళకు ఏ అనుమానం వచ్చి ఉంటుందో మీరే ముందు పేరుపెట్టి చెప్పి, అది ఎందుకు నిజం కాదో చూపించడం మేలు. ఇది తరచూ చెయ్యనక్కర్లేదు. చెయ్యాల్సి వచ్చిన రోజు మాత్రం నసగకండి.

తర్వాత సంగతి క్లుప్తంగా. 1913 మే 1 నుంచి మద్రాసు విశ్వవిద్యాలయం రామానుజన్‌కు నెలకు 75 రూపాయల పరిశోధన వేతనం ఇచ్చింది. 1914 మార్చి 17న ఆయన ఓడెక్కాడు.

ఉత్తరం రాసినవాడికేం ఒరిగిందో కూడా చూడాలి, ఈ పాఠాల్లో దాన్ని మరిచిపోతుంటాం. ఒక సంఖ్యను ఎన్ని రకాలుగా కూడికగా విడగొట్టవచ్చన్న ప్రశ్న మీద ఇద్దరూ కలిసి పనిచేశారు. 4ను ఐదు రకాలుగా విడగొట్టవచ్చు (4 ఒక్కటే, 3+1, 2+2, 2+1+1, 1+1+1+1). 200ను 39,72,99,90,29,388 రకాలుగా. ఇంత పెద్ద లెక్కను దాదాపు కచ్చితంగా పట్టుకునే సూత్రం వాళ్ళ పేర్లతో 1918లో అచ్చయింది. హార్డీ ఒక్కడి వల్ల అది కాదు. హార్డీ ఆ రోజు కాగితాలు పక్కన పెట్టేసి ఉంటే నష్టం రామానుజన్‌కు ఒక్కడికే కాదు. శ్రద్ధగా జవాబు రాసేవాడు మొదట నేర్చుకునేది తానే చదవడం ఎలాగో. ఎందుకంటే మూడు కుప్పలు చెయ్యాలంటే ముందు ప్రతి గింజా చూడాలి.

‘నాకంత తెలియదే’ అనేవాళ్ళకు

హార్డీ ఆ విషయంలో నిపుణుడు, నేను మామూలు పాఠకుణ్ణి, నేనేం వేరుచేస్తాను అని మీరు అనొచ్చు. మీకోసం నెల్లూరు కలెక్టరున్నాడు.

1910 చివర రామానుజన్, అప్పట్లో నెల్లూరు జిల్లా కలెక్టరుగా ఉన్న రామచంద్రరావు గారి దగ్గరకు నోటుపుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళాడు. రామచంద్రరావుకు గణితమంటే ఇష్టం, కానీ ఆ పుస్తకం ఆయనకు అందలేదు. తర్వాత ఆయనే రాసిన జ్ఞాపకం ప్రకారం, ఈ మనిషి చెప్పేది అర్థమున్నదో లేనిదో తేల్చుకోలేకపోయాడు. తేల్చుకోలేదు కూడా. మళ్ళీ రమ్మన్నాడు. వచ్చినవాడు ఈయనకు ఎంత తెలుసో అంచనా వేసుకుని, ముందు తేలికైనవి చూపించాడు. అవి కూడా అప్పటి పుస్తకాలను దాటి ఉన్నాయి. అక్కడినుంచి మెట్టుమెట్టుగా పెద్దవాటికి తీసుకుపోయాడు. చివరికి రామచంద్రరావు అడిగింది: నీకేం కావాలి? పని చేసుకుంటూ బతకడానికి సరిపడా కొంచెం, అన్నాడు రామానుజన్. కొంతకాలం నెలకు 25 రూపాయలు రామచంద్రరావు తన జేబులోంచి పంపాడు.

ఇందులో పాఠకుడు చేసిన పనులేమిటి? తెలియదని ఒప్పుకున్నాడు. తనకు అర్థమయ్యే చోటునుంచి మొదలుపెట్టనిచ్చాడు. మళ్ళీ రమ్మన్నాడు. ఈ మూడూ మీరు ఇవాళ చెయ్యగలరు. ‘రెండో భాగం నాకు అందలేదు, మొదటి భాగంలో ఫలానా చోటు మాత్రం బాగా పట్టుకుంది’ అన్న వాక్యం రచయితకు బంగారం. అందలేదన్న మాటను చాలామంది సిగ్గుపడి దాచుకుని, దాని బదులు ‘లోతైన రచన’ అని రాస్తారు. ఆ మాట విన్న రచయిత ఏం చేసుకోవాలి?

ఇక మన కథ

ఒక కథ అనుకుందాం. నర్సీపట్నం డిపోలో చేసి రిటైరైన ఆర్టీసీ డ్రైవరు. కొడుకు కొత్త కారు కొన్నాడు. ఇంటిల్లిపాదీ చింతపల్లి వైపు ఘాట్ రోడ్డులో వెళ్తున్నారు. ముప్పై ఏళ్ళు ఆ రోడ్డు మీద బస్సు నడిపిన మనిషి ఇవాళ వెనకసీట్లో ఉన్నాడు. చివర కొడుకు కారు ఆపి, కొంత మాట్లాడి, తాళాలు తండ్రికిస్తాడు.

సాధారణంగా వచ్చే ఉత్తరం ఇదీ:

“నమస్కారం సర్. మీ కథ చదివాను, చాలా బాగుంది. కళ్ళు చెమర్చాయి. తండ్రీకొడుకుల బంధాన్ని హృద్యంగా ఆవిష్కరించారు. మీ కలం నుంచి మరిన్ని మంచి కథలు రావాలని కోరుకుంటున్నాను.”

ఇందులో అబద్ధం లేదు, అమర్యాద లేదు. కానీ పేపరు చదవనివాడు కూడా దీన్ని రాయగలడు. దీన్నే వచ్చే ఆదివారం వచ్చే ఇంకో తండ్రీకొడుకుల కథకూ పంపవచ్చు. అదే కథ మీద పెన్సిల్ గీతలున్నవాళ్ళు ఇలా రాయవచ్చు:

“నమస్కారం సర్. ఆదివారం వచ్చిన మీ కథ రెండుసార్లు చదివాను. మా నాన్న కూడా ఆర్టీసీలోనే చేశారు. అందుకని మొదటిసారి మా ఇంటి సంగతిలాగే చదివాను, కథగా చదివింది రెండోసారి.

ఘాట్ రోడ్డు మొదలయ్యాక ప్రతి మలుపులోనూ ఆయన కుడికాలు, కింద లేని బ్రేకును తొక్కుతుంది. అక్కడ ఆగిపోయాను. కొడుకు అద్దంలోంచి అది చూసి ఏమీ అనడు, అది ఇంకా నచ్చింది. డ్రైవరుగా ఆయన గురించి ముందు రెండు పేజీల్లో చెప్పిందంతా ఆ కాలు ఒక్కటే చెప్పేసింది. పెన్షను, మోకాళ్ళ నొప్పులు, కోడలి విసుగు ఉన్న పేరాలు ఇంతకుముందు వేరే కథల్లో చదివినట్టే అనిపించాయి. డిపోలో టీ కొట్టు సంభాషణ సరదాగా ఉంది, కానీ కథ దానికోసం ఆగినట్టుంది.

చివర్లో కొడుకు మాట్లాడే మాటలు నాకు ఎక్కువనిపించాయి. అతనికి అర్థమైందని అద్దం దగ్గరే తెలిసిపోయింది. ఇది నా రుచి కావచ్చు, మా అమ్మకు ఆ మాటలే నచ్చాయి.

ఒక సంగతి అడగాలి. మధ్యలో ‘ఆ వానాకాలం రాత్రి బస్సు’ అని ఒకసారి వచ్చి మళ్ళీ రాలేదు. ఆ రాత్రి ఏం జరిగిందో కొడుకుకు తెలుసా? తెలిసి ఉంటే తాళాలివ్వడం ఒక రకంగా కనిపిస్తోంది, తెలియకపోతే ఇంకో రకంగా. మీరేమనుకుని రాశారు?”

ఇందులో మూడు కుప్పలున్నాయి, వెతకండి. ముందే చదివినట్టున్నవి, సరదాగా ఉన్నా కథకు పక్కనున్నవి, కథను నిలబెట్టినవి. కానీ ఒకటీ రెండూ మూడూ అని అంకెలు వెయ్యలేదు. హార్డీ వేశాడంటే అక్కడ అంకెలే విషయం. కథ రాసినవాళ్ళకు అంకెలు వేసి పంపితే పరీక్ష పేపరు దిద్దినట్టుంటుంది.

ప్రశ్న సంగతి చూడండి. అది నిజంగా తెలియక అడిగిన ప్రశ్న. ‘చివరి పేజీ తగ్గిస్తే బాగుండేదని మీకు అనిపించలేదా?’ అన్నది ప్రశ్న కాదు, ప్రశ్న గుర్తు తగిలించిన విమర్శ. నిజమైన ప్రశ్నకు రచయిత జవాబు రాస్తూ రాస్తూ తనకే తెలియని సంగతి ఒకటి తెలుసుకోవచ్చు. వానాకాలం రాత్రి సంగతి తాను కూడా తేల్చుకోలేదని ఆయనకు ఇప్పుడే తెలియవచ్చు.

మన ఇంటి సంగతి ఒక్క వాక్యం. మా నాన్న కూడా ఆర్టీసీ అన్నారు, అక్కడితో ఆపారు. ఇక్కడ చాలా ఉత్తరాలు దారి తప్పుతాయి. నాన్న ఏ డిపో, ఎప్పుడు రిటైరయ్యారు, ఆయనకు రావలసిన బకాయిలు ఎలా ఆగిపోయాయి అని మూడు పేజీలు. అది మీ కథ. దాన్ని విడిగా రాయండి, పత్రికకు పంపండి, అప్పుడు మీకూ ఎవరో ఉత్తరం రాస్తారు.

అచ్చుతప్పుల జాబితా పంపకండి. అవి పత్రికవాళ్ళవి కావచ్చు. అచ్చుకు ముందు ప్రతి మీ చేతికిస్తే సంగతి వేరు, అప్పుడు అదే మీ పని. మీకు నచ్చిన ఇంకో రచయితతో పోల్చకండి. పెద్దవాళ్ళకు రాసేటప్పుడు మర్యాద కోసం విమర్శ మింగేయకండి. మీ చిన్నాన్న రాసిన పద్యాల గురించి ‘చిన్నాన్నా, మూడో పద్యంలో రెండో పాదం నాకు పట్టుబడలేదు’ అంటే ఆయనకు కోపం రాదు. పక్కన కూర్చోబెట్టుకుని గంటసేపు చెప్తారు, అది వేరే కష్టం.

అభ్యాసం

మీ గీతలున్న కాగితం తీయండి. ఒక్కొక్క గీత దగ్గరా పక్కన ఒక్క మాట రాయండి: ‘విన్నదే’, ‘పక్కది’, లేదా ‘ఇదే’. ఏ మాటా కుదరని గీతలు కొన్ని మిగులుతాయి, వాటికి ప్రశ్న గుర్తు పెట్టండి. మీ ప్రశ్న సాధారణంగా అక్కడే ఉంటుంది. అన్ని గీతల పక్కా ‘ఇదే’ అని వచ్చిందంటే కథ చాలా గొప్పదైనా అయివుండాలి, మీరు అలసిపోయైనా ఉండాలి. మర్నాడు మళ్ళీ చూడండి.

తర్వాత ఒక పేజీకి మించకుండా ఉత్తరం రాయండి. రాత్రి పక్కన పెట్టి, పొద్దున తీసి, ఇంకో కథకైనా సరిపోయే వాక్యాలన్నీ కొట్టెయ్యండి. మొదటిసారి సగం పోతుంది, కంగారుపడకండి. మిగిలినవాటిలో రచయితను ఉద్దేశించి మీరు గట్టిగా మాట్లాడిన చోటు ఉంటే, అదే మాట ఆయన ఎదురుగా కూర్చుని అనగలరా అని పైకి చదివి చూసుకోండి. అనగలిగితే ఉంచండి.

ఆపైన పంపండి. ఈ పాఠానికి పంపడమే పరీక్ష, డ్రాయరులో పెట్టిన ఉత్తరం లెక్కలోకి రాదు. జవాబు రాకపోతే నెల తర్వాత గుర్తుచెయ్యకండి. అదే రచయిత ఇంకో కథ రాసినప్పుడు చదివి, మళ్ళీ రాయండి. జవాబొస్తే దాన్ని ఈ కాగితానికి పిన్ను చేసి దాచండి, ఐదో పాఠంలో ఆ జవాబుకు జవాబు రాస్తాం. వచ్చే పాఠం కవిత గురించి. అందులో కథ ఉండదు, పాత్రలుండవు, ‘ఎందుకు’ అని అడిగే వీలు తక్కువ. కాబట్టి ఈలోగా పన్నెండు పాదాలకు మించని ఒక కవిత ఎంచుకుని, చూడకుండా రాయగలిగేదాకా చదివి పెట్టుకోండి.